మతములు ఇచ్చట విడువవలెను

కొండ్రుగట్ల మున్సిపల్ ఆఫీసులోకి దేవుళ్లు వచ్చింది భక్తి వల్ల కాదు, కిళ్లీల వల్ల. మూడంతస్తుల ఆఫీసు, రెండు మెట్ల మలుపులు, నాలుగు మూలలు. ఇంటి పన్ను కట్టడానికి వచ్చినవాడూ, కుళాయి కనెక్షన్ కోసం వచ్చినవాడూ, వాళ్లిద్దర్నీ రేపు రమ్మని చెప్పి పైకి పోయే గుమస్తా, అందరూ ఆ మూల కనపడగానే నోరు అక్కడ ఖాళీ చేసేవారు. రోజూ పొద్దున్నే యాసిడ్ పోసి దాన్ని రుద్దేది నాంచారమ్మ. పందొమ్మిదేళ్లుగా దినకూలీ మీద ఊడుస్తోంది. యాసిడ్ తిని వేళ్ల చివర చర్మం తెల్లబడింది, మోకాళ్లు అరిగాయి. చివరికి ఓ రోజు ఒళ్లు మండి, బజార్లో టైల్స్ కొట్టుకు వెళ్లి, వెంకన్న బొమ్మా సిలువా మక్కా మూడూ ఒకే పలక మీద ఉన్నవి నాలుగు కొనుక్కొచ్చింది. తాపీమేస్త్రీని బతిమాలి మూలకొకటి అంటించింది. ఆ మర్నాటి నుంచి ఒక్క ఉమ్మి పడితే ఒట్టు. జరిమానా బోర్డులు, హెచ్చరిక నోటీసులు పాతికేళ్లలో చెయ్యలేని పని ఆ నాలుగు పలకలు ఒక్క పూటలో చేసి పెట్టాయి.

నాంచారమ్మ అనేది కాగితాల మీద పేరు. పేటలో, చర్చిలో ఆమె సువార్త. ఆ పేటలో సగం మందికి ఇలా రెండేసి పేర్లుంటాయి. బళ్లో వేసిన నాడు మాస్టారు రాసిన పేరూ, ‘హిందూ, ఎస్సీ’ అని రాసిన సర్టిఫికెట్టూ ఒక పక్క. ఆదివారం కట్టే తెల్లచీరా, రవికె లోపల దారానికి వేలాడే చిన్న సిలువా ఇంకో పక్క. కిరస్తానం పుచ్చుకున్నవాళ్లకు ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని రూలు. అందుకని కాగితం సంగతి కాగితానిది, మనసు సంగతి మనసుది అనుకుని, రెండూ ఒకదానికొకటి ఎదురుపడకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. ఎదురుపడితే పోయేదేమిటో ఆమెకు బాగా తెలుసు. ఎస్సీలకు కేటాయించిన పర్మనెంట్ స్వీపర్ పోస్టు ఒకటి ఆ ఆఫీసులో ఆరేళ్లుగా ఖాళీగా ఉంది. ఆమె ఫైలు దాని కోసమే బీరువాలో పడి ఉంది. ఆ పోస్టు వస్తే జ్వరమొచ్చిన రోజున ఇంట్లో పడుకోవచ్చు. మొగుడు పోయిన రోజున కూడా కూలీ కోసిన ఆఫీసు అది. ఒళ్లు పనిచెయ్యని నాడు ఇంత పింఛనూ వస్తుంది. అంతకు మించి ఆమె ఆ ఆఫీసును ఏమీ కోరలేదు.

ఇలా ఉండగా కొత్త కమిషనర్ దక్షిణామూర్తి గారు వచ్చారు. వస్తూ వస్తూ రాజధానిలో ‘లౌకిక పరిపాలన, నూతన దృక్పథాలు’ అనే మూడు రోజుల శిక్షణ పూర్తిచేసుకుని, సంచీ, పెన్నూ, సర్టిఫికెట్టూ పుచ్చుకుని మరీ వచ్చారు. మొదటి రోజు మెట్లెక్కుతూ మూలనున్న పలక చూసి అలవాటు కొద్దీ చెప్పులు విడిచి, లెంపలు వేసుకున్నారు. రెండు మెట్లు పైకి వెళ్లాక శిక్షణ గుర్తొచ్చింది. ఆగి, వెనక్కి తిరిగి, ఈ గోడ ఎవరిదని అడిగారు. ప్రభుత్వానిదన్నారు పక్కనున్నవాళ్లు. ప్రభుత్వానికి మతం ఉందా అని అడిగారు. ఉన్నట్టు తమ దగ్గర రికార్డేమీ లేదన్నారు వాళ్లు. అయితే గోడకెందుకు ఉందని అడిగారు కమిషనర్ గారు. దీనికి జవాబు చెప్పవలసిన గుమస్తా ఆ రోజు సెలవులో ఉన్నాడు.

మర్నాడు దుర్ముహూర్తం దాటేదాకా ఆగి, పది గంటల నలభై రెండు నిమిషాలకు ఆయన సర్క్యులర్ మీద సంతకం పెట్టారు. అందులో ఇలా ఉంది: “ప్రభుత్వమునకు మతము లేదు గావున, ప్రభుత్వ కార్యాలయ ప్రాంగణమునందు మతము ఏ రూపమునను ప్రవేశింపరాదు. అట్లని పౌరుల యొక్కయు, ఉద్యోగుల యొక్కయు మత స్వేచ్ఛకు ఇసుమంతయు భంగము వాటిల్లరాదు. కావున ఎవరి మతమును వారు గేటు వద్ద భద్రపరచి, పని ముగిసిన పిదప చెక్కుచెదరకుండ తిరిగి పొందవలెను.”

భద్రపరచడం ఎలాగని సిబ్బంది సమావేశంలో రెండు గంటలు చర్చ జరిగింది. మేనేజర్ గారి బావమరిది కొండమీద గుడి దగ్గర చెప్పుల స్టాండు కాంట్రాక్టరు. మనం గుళ్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు ఎలా వదిలి వెళ్తామో, ఆఫీసులోకి వచ్చేటప్పుడు మతం అలాగే వదిలితే సరిపోతుందని మేనేజర్ గారు సూచించారు. ఇంత సులువైన ఉపాయం ఇన్ని ఏళ్లుగా దేశంలో ఎవరికీ తట్టలేదేమిటా అని కమిషనర్ గారు ఆశ్చర్యపోయారు. వారం తిరక్కుండా గేటు పక్కన సైకిల్ స్టాండును ఆనుకుని రేకుల షెడ్డు లేచింది. అందులో గూళ్లున్న ఇనుప ర్యాక్, రెండువందల ఇత్తడి టోకెన్లు, ఒక లావుపాటి రిజిస్టరు పెట్టారు. పైన ‘మతములు ఇచ్చట విడువవలెను’ అని బోర్డు రాయించారు.

ఆ స్టాండులో ఎవరు కూర్చోవాలన్నది మళ్లీ సమస్య అయింది. ఏ మతం పట్లా పక్షపాతం లేనివాళ్లు కావాలి. ఆఫీసులో ఉన్న అరవై నలుగురూ తమకు లేదని చెప్పి పక్కవాడికి ఉందన్నారు. చివరికి మూడు మతాలనూ ఒకే పలక మీద అంటించిన మనిషి కంటే నిష్పక్షపాతి ఎవరుంటారని కమిషనర్ గారే తేల్చారు. ఆ పలకల మీద ఆమెకు పడవలసిన మెమో ఆ విధంగా కుర్చీగా మారింది. గోడ నుంచి ఊడదీసిన పలకలు నాలుగూ ర్యాక్ పై అరలోకి మొదటి డిపాజిట్లుగా వచ్చాయి. మెట్ల మూలలు ఆ సాయంత్రానికే ఎర్రబడ్డాయి, కానీ అవి పూర్తిగా లౌకికమైన మరకలు గనుక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ కొట్టవచ్చా అని మేనేజర్ గారు సందేహం వెలిబుచ్చారు. గేటు లోపల కూడదనీ, గేటు బయట రాజ్యాంగం అడ్డుచెప్పదనీ కమిషనర్ గారు వివరించారు. గేటుకు బయట అడుగు దూరంలో పంతులు గారు కొబ్బరికాయ కొట్టారు, పాస్టర్ గారు ప్రార్థన చేశారు, ఇమామ్ గారు దువా చేశారు. చెక్కలైన కొబ్బరికాయ ముక్క ఒకటి దొర్లి గేటు లోపల పడితే వాచ్‌మన్ దాన్ని కర్రతో బయటికి నెట్టాడు. తర్వాత అందరూ మతాలు అప్పగించి, టోకెన్లు పుచ్చుకుని, లోపలికి వెళ్లి టిఫిన్ చేశారు.

మొదట్లో పని తేలికగానే సాగింది. ఒకటో నంబరు కమిషనర్ గారిదే. ఆయన కనకపుష్యరాగం ఉంగరం, మెళ్లో రుద్రాక్ష, నుదుట కుంకుమ ఒకటో గూటికి చెల్లు. కుంకుమను తడి దూదితో తుడిచి, ఆ దూదిని కవర్లో పెట్టి, సాయంత్రం కవరు తిరిగి ఇచ్చేది నాంచారమ్మ. అంటించుకునే బొట్లయితే రిజిస్టర్లో నంబరు పక్కనే అంటించేది. సీనియర్ అసిస్టెంటు ఖాదర్ వలీ తెల్లటోపీ ఆరో గూట్లో ఉండేది. గడ్డం మాత్రం చిక్కు తెచ్చిపెట్టింది. ఎంత పొడుగుదాకా బద్ధకం, ఎక్కణ్ణించి మతం అన్నదానికి టౌన్ ప్లానింగ్ వాళ్లు మూడంగుళాల హద్దు నిర్ణయించి, టేపు పెట్టి కొలిచేవాళ్లు. అయ్యప్ప మాల వేసుకున్న ఇద్దరు బిల్లు కలెక్టర్లను నలభై ఒక్క రోజులు గేటు బయటే కూర్చోబెట్టారు. వాళ్లు పనిచెయ్యని తేడా ఎవరికీ తెలియలేదు.

తర్వాత పేర్ల మీద పడ్డారు. లోపల ఒకరినొకరు వెంకటేశ్వర్లు, డేవిడ్, మస్తాన్ అని పిలుచుకుంటుంటే గేటు దగ్గర వదిలిన మతం కిటికీలోంచి తిరిగి వస్తోందని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. కమిషనర్ గారు ఆ వాదనలో బలముందని గుర్తించి, తమ పేరు కూడా తక్కువది కాదని ఒప్పుకుని, ఇక మీదట ఆఫీసులో అందరూ టోకెన్ నంబర్లతోనే పిలుచుకోవాలని ఆజ్ఞాపించారు. దాంతో జనన మరణాల విభాగం మూతపడింది. పుట్టినవాళ్లకు దేవుడి పేర్లు పెడుతున్నారు, పోయినవాళ్లు శ్మశానానికో సమాధుల దొడ్డికో వెళ్తున్నారు, రెండు చోట్లా మతమే. వడ్లవీధి నుంచి ఒకాయన తండ్రి మరణ ధ్రువపత్రం కోసం నెల రోజులు తిరిగాడు. మీ నాన్నగారు మతం లేకుండా పోయి ఉంటే ఈపాటికి సర్టిఫికెట్ వచ్చేదని లోపల ఇరవై ఏడో నంబరు సానుభూతితో చెప్పి పంపాడు.

ఇవన్నీ చూస్తూ నాంచారమ్మ షెడ్డులో కూర్చునేది. ఎవరి గూడు ఏదో ఆమెకు నోటికి వచ్చేసింది. సాయంత్రం అయిదింటికి వచ్చి తమ దేవుళ్లను చూడకుండానే జేబులో వేసుకుపోయేవాళ్లను చూసింది. ఇంజనీరు గారు రుద్రాక్షమాల పదకొండు రోజులు గూట్లోనే మరిచిపోతే, రోజూ దాని దుమ్ము దులిపింది ఆమే. నూరు మంది మతాలు బాహాటంగా రిజిస్టర్లో రాసి, దులిపి, భద్రంగా అప్పగిస్తూ తన ఒక్కదాన్ని మాత్రం రవికెలో దాచుకుని కూర్చోవడం ఆమెకు రాను రాను సిగ్గనిపించసాగింది. స్టాండు నడిపే మనిషిగా అందరికంటే ముందు ఆమె తన మతం రాయవలసిన మొదటి పేజీ మొదటి వరస మూడు నెలలుగా ఖాళీగానే ఉంది. షెడ్డు గేటు బయట ఉంది, ఆమె లోపలికి వెళ్లేది లేదు, కాబట్టి ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

కొండ్రుగట్ల కీర్తి రాజధాని దాకా పోయింది. రాష్ట్రంలోకెల్లా మతం లేని ఆఫీసుకు అవార్డు ఇవ్వాలని ఒక బృందం బయల్దేరింది. ఆ బృందానికి చూపడానికి స్టాండు నడిపే మనిషి దినకూలీ అయితే బాగుండదనీ, పర్మనెంట్ చేస్తే గౌరవంగా ఉంటుందనీ కమిషనర్ గారికి తోచింది. ఆరేళ్లుగా కదలని ఫైలు ఒక్క గంటలో ఆయన టేబుల్ మీదికి వచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి, కొత్త ఫారం ఒక్కటే నింపాలి. స్టాండు పెట్టాక వచ్చిన ఫారం అది. తొమ్మిదో కాలమ్‌లో ఉద్యోగి తన మతం స్వహస్తంతో రాసి, రికార్డుతో సరిపోల్చి సంతకం పెట్టాలి.

ఆ ఫారం పట్టుకుని ఖాదర్ వలీ షెడ్డుకు వచ్చాడు. రిటైర్మెంటుకు ఏడాది ఉన్న మనిషి, ఆమెకు ఆ ఆఫీసులో నాలుగు మంచి మాటలు చెప్పే మనిషి. ఆమె ఆదివారం ఎక్కడికి వెళ్తుందో ఆయనకు తెలుసు, తెలియనట్టు ఉండటమూ తెలుసు.

“తొమ్మిదో దాంట్లో ‘హిందూ’ అని రాసెయ్యి నాంచారమ్మా. మూడక్షరాలు కూడా లేవు. కాయితం ముప్పై ఏళ్లుగా అదే చెప్తోందిగా.”

“కాయితం చెప్పింది బాబుగారూ. నా నోటితో నేనెప్పుడూ చెప్పలా. నన్నెవరూ అడగలా.”

“ఖాళీగా వదిలేద్దామంటే కంప్యూటర్ తీసుకోదు. మతం లేదని రాస్తే ఎస్సీ ఎలా అయిందో విచారించమంటారు. ఇంకోటి రాస్తే సంగతి నీకు తెలుసు. ప్రభుత్వానికి మతం లేదు గానీ, ఆ ప్రభుత్వంలో ఊడవాలంటే నీకు మతం ఉండాలి, అదీ వాళ్లు రాసుకున్నదే ఉండాలి. దేవుడు అర్థం చేసుకుంటాళ్లే అమ్మా. ఆయనకు తెలీదా?”

“తెలుసనే బాబుగారూ నా భయం.”

వలీ టోపీ అడిగి తీసుకున్నాడు. అప్పుడింకా మధ్యాహ్నమే అయింది. కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడి, మళ్లీ ఆరో గూట్లో పెట్టి లోపలికి వెళ్లాడు.

ఆ రోజంతా నాంచారమ్మ ఆ ఫారం కేసి చూస్తూ కూర్చుంది. రాయకుండా తప్పించుకునే దారి కోసం వెతికింది, దొరికింది కూడా. మర్నాడు కమిషనర్ గారు ఉంగరం తీసి ఇస్తుండగా వినయంగా అడిగింది. “సార్, అందరి మతమూ ఇక్కడ నా దగ్గరుంది. నా మతం మాత్రం లోపల మీ బీరువాలో ఉందండి, సర్టిఫికెట్‌లో. మతం లోపల ఉండకూడదన్నారు గదా. దాన్ని కూడా పంపిస్తే గూట్లో పెట్టుకుంటాను. మతం లేకుండా మిగిలిన ఫైలు మీద మీరు సంతకం పెట్టేయండి.”

కమిషనర్ గారు ఉంగరం తీసిన వేలిని నిమురుకున్నారు. పదిహేనేళ్ల సర్వీసులో ఇంత లోతైన అంశం ఏ ఐఏఎస్ అధికారీ తన దృష్టికి తేలేదన్నారు. వెంటనే మెమో జారీ అయింది: “కార్యాలయ బీరువాలయందు మతము గుప్తముగా నిల్వయున్నట్లు వెల్లడైనందున, తక్షణమే వెలికితీయవలెను.” కానీ మతం ఏ కాగితంలో ఏ వరసలో ఉందో కత్తిరించి తియ్యడం రికార్డు ధ్వంసం కిందికి వస్తుందని ఆడిట్ వాళ్లు అడ్డుపడ్డారు. అందువల్ల అరవై నలుగురి సర్వీసు రిజిస్టర్లూ, వాటితోపాటు ఆమె ఫైలూ మొత్తంగా షెడ్డులోకి వచ్చాయి. ఫైలు బయట, సంతకం పెట్టవలసిన కలం లోపల. ఇక ఆ ఆఫీసులో ఎవరికీ ఇంక్రిమెంటు లేదు, సెలవు లేదు, బదిలీ లేదు. లోపలున్నవాళ్లంతా ఆమెను తిట్టుకున్నారు. ఉపాయం పండి తన కాలికే చుట్టుకుందని ఆమెకు అప్పటికి అర్థమైంది.

అవార్డు బృందం వచ్చే రోజు రానే వచ్చింది. రిజిస్టర్లో ఒక్క వరస గానీ, ఫారాల్లో ఒక్క కాలమ్ గానీ ఖాళీగా ఉండకూడదని వాళ్ల షరతు. పన్నెండు గంటల ఎండలో కమిషనర్ గారు స్వయంగా షెడ్డుకు వచ్చారు. వెనక మేనేజర్ గారు గొడుగు పట్టారు, వలీ ఫైలు పట్టుకున్నాడు. ఫైలు లోపలికి రాలేదు గనుక తామే బయటికి వచ్చామనీ, ఇది పరిపాలనా చరిత్రలో అరుదైన ఘట్టమనీ కమిషనర్ గారు చెప్పారు. నువ్వు తొమ్మిదో కాలమ్ నింపితే ఇక్కడే నిలబడి సంతకం పెడతానన్నారు. ఏం రాయాలన్నది పూర్తిగా నీ ఇష్టమనీ, ప్రభుత్వం ఎవరినీ బలవంతం చెయ్యదనీ రెండుసార్లు చెప్పారు.

గేటు దగ్గర నలభై మంది వరసలో నిలబడి చూస్తున్నారు. నాంచారమ్మకు వలీ కళ్లు కనపడ్డాయి. రాసెయ్ అంటున్నాయి. పర్మనెంటయితే ఎలా ఉంటుందో ఆమె ఎన్నిసార్లు ఊహించుకుందో లెక్కలేదు. జ్వరంతో ముసుగు తన్ని పడుకున్నా కూలీ పోని ఒక్క రోజు. మోకాళ్ల నొప్పి ఇప్పుడు కూడా సలుపుతూనే ఉంది. ఆమె కలం తీసుకుంది. రిజిస్టర్లో మొదటి పేజీ మొదటి వరసలోనూ, ఫారంలో తొమ్మిదో కాలమ్‌లోనూ ఒకే మాట రాసింది. క్రైస్తవ. కింద సంతకం సువార్త అని పెట్టింది.

కమిషనర్ గారు చదివి, ఎంతో సంతోషించారు. ఇంత స్వేచ్ఛగా మతం ప్రకటించుకున్న ఉద్యోగిని తాను చూడలేదన్నారు. తర్వాత ఆ ఎండలోనే, గొడుగు కింద, ర్యాక్ మీద ఫైలు ఆనించి స్వయంగా ఉత్తర్వు రాశారు: “సదరు అభ్యర్థిని రాజ్యాంగము ప్రసాదించిన మత స్వేచ్ఛను స్వచ్ఛందముగ వినియోగించుకొనినందున, ఆమె అభ్యర్థన తిరస్కరింపబడినది. ఆమె స్వేచ్ఛ పట్ల ఈ కార్యాలయము హర్షము వ్యక్తము చేయుచున్నది.” సంతకం పెట్టి, తేదీ వేసి, ప్రతి ఒకటి ఆమెకిచ్చారు.

“ఇందులో నీ మీద కక్షేమీ లేదమ్మా. ఎప్పట్లాగే దినకూలీకి వచ్చెయ్యి. ఊడవడానికి ప్రభుత్వం ఎవరి మతమూ అడగదు” అన్నారు దయగా.

“పందొమ్మిదేళ్లూ అడగలేదండి. జీతం పర్మనెంట్ చెయ్యమంటేనే అడిగారు” అంది సువార్త.

ఆయనకు వినపడిందో లేదో. భోజనాలకు మతాలు తిరిగి తీసుకునే వేళయింది, బృందం కారు మలుపు దగ్గర కనపడింది, ఆయన చెయ్యి చాపి ఉంగరం కోసం చూస్తున్నారు. సువార్త ఉత్తర్వు మడిచి రిజిస్టరు కింద పెట్టింది. కుర్చీలో కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, మొదటి గూట్లోంచి రుద్రాక్ష, ఉంగరం, దూది కవరు తీసి బల్ల మీద పెట్టింది.

“ఒకటో నంబరు” అని పిలిచింది, వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా. “మీ దేవుణ్ణి పట్టుకెళ్లండి.”